ఆన్‌లైన్ డాక్టర్ ఫీజు ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

ఈ రోజు టాపిక్, నా 1800 రూపాయలు.

పోయినేడాది మా అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఉన్నాయని ఆపరేషన్ చేశారు. హాస్పిటల్ బిల్లు క్యాష్‌లెస్‌లో పోయింది, హ్యాపీ. ఇంటికెళ్లాక కడుపులో నొప్పి అంది. ఊరి నుంచి హైదరాబాద్ దాకా ఏం తీసుకొస్తాం అని అదే సర్జన్‌తో వీడియో కాల్‌లో మాట్లాడించా. మొత్తం మూడుసార్లు, ఒక్కోసారికి 600. ఫోన్‌పే కొట్టేసి, తర్వాత క్లెయిమ్ పెట్టా. రిజెక్ట్!

ఆన్‌లైన్ కదా, ఇవ్వరులే అని వదిలేయబోయా. కానీ మెయిల్ చదివితే కారణం అది కాదు. నేను పంపింది పేమెంట్ స్క్రీన్‌షాట్లు. బిల్లు లేదు, ప్రిస్క్రిప్షన్ లేదు. బీటెక్ చదివి ఏం లాభం చెప్పండి!

అసలు రూల్ ఏంటంటే, 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ తెచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇన్సూరెన్స్ కంపెనీలకి ఒక మాట చెప్పింది: పాలసీలో డాక్టర్ కన్సల్టేషన్‌కి కవర్ ఉంటే, టెలిమెడిసిన్‌కి కూడా ఇవ్వాలి. ఆ "ఉంటే" దగ్గరే ఉంది కథంతా. మామూలు జ్వరానికి వీడియోలో చూపించుకుంటే, పాలసీలో ఓపీడీ కవర్ ఉండాలి. చాలామంది పాలసీల్లో అది ఉండదు, ఎందుకంటే అవి అడ్మిట్ అయితేనే పనిచేసేవి. ఓపీడీ యాడ్ చేసుకునే ముందు లిమిట్ ఎంత, అదనపు ప్రీమియం ఎంత అని లెక్కేసుకోండి. కొన్నిసార్లు రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఊరికే చూపించుకోవాలంటే గవర్నమెంటు ఈ-సంజీవని ఫ్రీగానే ఉంది కదా.

మా అమ్మది వేరే కేసు. అడ్మిట్ అవ్వకముందు 30 రోజులు, డిశ్చార్జ్ అయ్యాక 60 రోజులు, అదే జబ్బుకి పెట్టిన ఖర్చు మా పాలసీలో వస్తుంది. ఆరోగ్య సంజీవని పాలసీలోనూ ఇవే లెక్కలు. మీ దాంట్లో ఎన్ని రోజులో పీడీఎఫ్ తెరిచి చూడండి, ఇప్పుడే.

సరే, బిల్లు అడిగితే రిసెప్షన్‌లో "వీడియో కాల్‌కి బిల్లేంటండీ" అన్నారు. ప్రిస్క్రిప్షన్ మీద, రసీదు మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలని గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఆ పేజీ వాట్సాప్ చేశా. సాయంత్రానికి అన్నీ వచ్చేశాయి.

మళ్లీ పంపితే 1200 పడ్డాయి. మూడో కాల్ 64వ రోజున చేశాం, అది పోయింది.

"నేను ముందు వారమే చేయమన్నా కదరా" అంటుంది అమ్మ. అవును, అంది. ఆ వారం నాకు ఎడిటింగ్ ఉండింది.