సరిహద్దు కదిలింది, ఓటు కదిలింది: భద్రాచలం సీటు గురించి మనం తెలుసుకోవలసినవి

(2025 ఆగస్టులో భద్రాచలంలో జరిగిన రైతు సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన తరగతుల్లో ఎప్పుడూ పోడు పట్టాల గురించి, మిర్చి ధర గురించి, యూరియా గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ ఎమ్మెల్యే సీటు గురించి మాట్లాడుకుందామంటే కొందరు మిత్రులు, "అది పార్టీల పని, సంఘానికి ఎందుకు?" అన్నారు. ఫలానా పార్టీకి ఓటెయ్యమని చెప్పడానికి మనం ఇక్కడ కూర్చోలేదు. కానీ పోడు మీద, కరకట్ట మీద, పోలవరం వెనుక నీటి ముంపు మీద అసెంబ్లీలో మన తరఫున లేచి మాట్లాడవలసిన మనిషి ఒక్కరే. ఆ మనిషి ఏ నిబంధన కింద వస్తాడు, ఎన్నాళ్లు ఉంటాడు, ఎప్పుడు పోతాడు అన్నది తెలియకపోతే మనం ఎవరిని అడగాలో, ఏమని అడగాలో కూడా తెలియదు.

మనం కదలలేదు, గీత కదిలింది

2014 ఏప్రిల్ 30న మనమంతా ఓటేశాం. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల వాళ్లు, భద్రాచలం మండలంలో ఇవాళ ఎటపాక వైపున్న ఊళ్ల వాళ్లు అందరూ భద్రాచలం సీటుకే ఓటేశారు. సున్నం రాజయ్య గారు గెలిచారు. 1999లో, 2004లో గెలిచిన ఆయనకు అది మూడోసారి. మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. పోలవరం ముంపు పేరుతో ఆ మండలాలు, వాటితోపాటు కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఓటేసిన జనం ఒక రాష్ట్రంలో, వాళ్లు గెలిపించిన ఎమ్మెల్యే మరో రాష్ట్ర అసెంబ్లీలో. రాజయ్య గారి సొంతూరు కూడా వి.ఆర్.పురం మండలమే. ఊరు ఆంధ్రలో, సీటు తెలంగాణలో!

ఇక్కడే మొదటి నిబంధన గుర్తుపెట్టుకుందాం. భద్రాచలం షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన సీటు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఇక్కడ నిలబడే మనిషి ఈ రాష్ట్రపు షెడ్యూల్డ్ తెగకు చెందాలి, ఈ రాష్ట్రంలోనే ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. భద్రాచలంలోనే ఓటుండాలని లేదు, తెలంగాణలో ఎక్కడున్నా చాలు. కానీ చింతూరు కోయబిడ్డకు, కూనవరం కొండరెడ్డికి ఓటు ఆంధ్రలో ఉంది కాబట్టి ఇవాళ ఇక్కడ నామినేషన్ వేసే అర్హత లేదు. రాజయ్య గారు 2019లో రంపచోడవరం నుంచి పోటీ చేయడానికి వెనుక ఉన్న లెక్క ఇదే.

ఈ గీత పర్యవసానం అక్కడితో ఆగలేదు. రామాలయం ఇటు, ఆలయ భూములున్న పురుషోత్తపట్నం అటు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఒకే వరదలో మునిగిన ఇరుగుపొరుగు ఊళ్లు రెండు ప్రభుత్వాల వైపు చూడవలసి వచ్చింది. ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను తిరిగి కలపాలన్న కోరిక ఇప్పటికీ ఉంది. అది తీరాలన్నా పార్లమెంటులో చట్టమే కావాలి. కలెక్టరుకు వినతిపత్రం ఇస్తే అయ్యే పని కాదు.

నిలబడేవాళ్లకు నిబంధనలు

ఎమ్మెల్యేకు 25 ఏళ్లు నిండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి పేరును నియోజకవర్గ ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకు పదిమంది కావాలి. ధరావతు పది వేలు, గిరిజనులకు, దళితులకు ఐదు వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది తిరిగిరాదు. ఖర్చు పరిమితి 40 లక్షలు. మన నియోజకవర్గంలో కూలికి పోయే ఆదివాసీ రైతు ఐదు వేలు కట్టగలడేమో గానీ, ఆ 40 లక్షల అంకె దగ్గర పోటీ ఎవరి మధ్య జరుగుతుందో మీరే ఆలోచించండి.

నామినేషన్‌తో పాటు అభ్యర్థి తన ఆస్తి, అప్పు, తనపై ఉన్న కేసులు ప్రమాణపత్రంలో రాయాలి. అది ఎవరైనా చూడవచ్చు. ఏదైనా నేరంలో రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే పదవి పోతుంది; విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీకి అర్హత ఉండదు. అప్పీలు వేసుకుని కుర్చీలో కూర్చునే వీలును 2013లో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు తీసేసింది. ప్రభుత్వంతో సరుకుల సరఫరా కాంట్రాక్టో, పనుల కాంట్రాక్టో నడుస్తున్న మనిషి ఆ ప్రభుత్వపు అసెంబ్లీకి నిలబడకూడదు. సభ అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. సీటు ఖాళీ అయితే, మిగిలిన కాలం ఏడాదికి తక్కువ కాకపోతే, సాధారణంగా ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలి.

అయితే ఓటరు తన ఎమ్మెల్యేను మధ్యలో వెనక్కి పిలిచే నిబంధన మాత్రం మన చట్టంలో లేదు.

గుర్తు ఒకటి, కండువా ఒకటి

పార్టీ ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. స్వచ్ఛందంగా పార్టీ సభ్యత్వం వదులుకున్నా, విప్ మీరి ఓటేసినా సభ్యత్వం పోవాలి. మూడింట ఒక వంతు చీలితే తప్పులేదన్న సందును 2003లో మూశారు. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకుంటేనే మినహాయింపు. అయితే తీర్పు చెప్పవలసింది స్పీకరే. ఎన్నాళ్లలో చెప్పాలో చట్టంలో లేదు.

ఈ ప్రశ్న మన గడపలోకే వచ్చింది. 2023లో బి.ఆర్.ఎస్. గుర్తుపై ఇక్కడ గెలిచిన తెల్లం వెంకట్రావు గారు కాంగ్రెస్‌లోకి వెళ్లారంటూ ఆయనపై అనర్హత పిటిషన్ పడింది. ఇలాంటి పదిమంది వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జులై 31న కోర్టు, మూడు నెలల్లో తేల్చండని స్పీకర్‌ను ఆదేశించింది. ఈ అధికారం స్పీకర్ల దగ్గరే ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తేల్చే పని మనది కాదు. మన మాట ఒక్కటే: ఓటరు వేసిన ఓటుకు సంబంధించిన ప్రశ్నకు జవాబు, ఐదేళ్ల పదవీకాలంలో ఏడాది పైన గడిచినా రాకపోవడం న్యాయం కాదు. ఏ పార్టీ మనిషైనా, ఏ పార్టీ స్పీకరైనా ఇదే మాట.

పెద్దల సభలో రైతు ఎక్కడ?

శాసన మండలి సంగతి కూడా చూద్దాం. తెలంగాణలో 40 సీట్లు. 14 ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, 14 స్థానిక సంస్థల నుంచి, 3 పట్టభద్రులవి, 3 టీచర్లవి, 6 గవర్నర్ నామినేట్ చేసేవి. డిగ్రీ ఉన్నవాళ్లకు సీటుంది, పాఠం చెప్పేవాళ్లకు సీటుంది, పంట పండించేవాడికి లేదు. సాహిత్యం, శాస్త్రం, కళలతో పాటు సహకార ఉద్యమంలో అనుభవమున్నవాళ్లను కూడా గవర్నర్ నామినేట్ చేయవచ్చని రాజ్యాంగం 171వ అధికరణ చెబుతోంది. సొసైటీల్లో జీవితం గడిపిన రైతు నాయకుడు ఒక్కరైనా ఆ దారిన రావాలని అడిగే హక్కు మనకుంది.

స్థానిక సంస్థల సీటుకు ఓటేసేది ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, పట్టణాల్లో కౌన్సిలర్లు. సర్పంచికి ఓటు లేదు. మండల, జిల్లా పరిషత్తుల గడువు 2024 జులైతోనే తీరిపోయింది. సర్పంచుల గడువు అదే ఏడాది ఫిబ్రవరి మొదట్లో పోయింది. భద్రాచలం పంచాయతీకైతే 2019లోనూ ఎన్నిక జరగలేదు, 2018 నుంచి ఏళ్ల తరబడి అధికారుల పాలనే సాగింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచి, మండలాధ్యక్ష పదవులు గిరిజనులకేనని 1996 పెసా చట్టం చెబుతోంది. ఎన్నికే లేకపోతే ఆ హక్కు కాగితం మీదే.

దీనికీ మన పోడుకూ సంబంధం ఉంది. అటవీ హక్కుల నియమాల ప్రకారం డివిజన్ స్థాయి కమిటీలో మండల స్థాయి సభ్యులు ముగ్గురు, జిల్లా కమిటీలో జిల్లా పరిషత్ సభ్యులు ముగ్గురు కూర్చోవాలి. పరిషత్తులే లేనప్పుడు ఆ ఆరు కుర్చీల్లో ఎన్నికైనవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? మన దరఖాస్తును అధికారులే చూస్తారు, అధికారులే తోసేస్తారు.

రేపటి గీత

ఇక అసలు సంగతి. మండలాలు పోయాక భద్రాచలం సీటులో మిగిలింది భద్రాచలం పట్టణం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. చివరి రెండూ ములుగు జిల్లాలో ఉన్నాయి. 2023లో ఇక్కడి ఓటర్లు లక్షన్నర లోపే, రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ. శేరిలింగంపల్లిలో ఏడు లక్షలు దాటారు. తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు పెరగాలని విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఉన్నా, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా ఆగాల్సిందేనని జులై 25న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ జనగణన 2027లో జరగబోతోంది.

తలల లెక్క ఒక్కటే చూస్తే, అడవి సీటు కుదించుకుపోయి పక్కదాంట్లో కలిసిపోతుంది. కానీ గతసారి డీలిమిటేషన్ చట్టంలో జనాభాతో పాటు భౌగోళిక స్థితి, రాకపోకలు, ప్రజల సౌకర్యం చూడాలని ఉంది. ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు తీసుకోవాలని, బహిరంగ విచారణ జరపాలని కూడా ఉంది. 2014లో మనల్ని ఎవరూ అడగలేదు. ఈసారి అడిగేలోపే మన జవాబు సిద్ధంగా ఉండాలి.

అందుకని ఈ తరగతి నుంచి వెళ్లాక నాలుగు పనులు చేద్దాం. ఒకటి, ప్రతి గూడెంలో ఓటరు జాబితా చదివి వినిపించి, పేరు లేనివాళ్లతో ఫారం 6 వేయిద్దాం. గీతకు అటూ ఇటూ రెండు చోట్ల పేరుంచుకోవడం చట్టరీత్యా కుదరదని మనవాళ్లకు చెబుదాం. రెండు, జనగణన సిబ్బంది వచ్చినప్పుడు పోడు గుడిసె కూడా వదలకుండా లెక్కలోకి ఎక్కిద్దాం. మూడు, పరిషత్ ఎన్నికలు వెంటనే పెట్టాలని గ్రామసభల్లో తీర్మానాలు చేద్దాం. నాలుగు, వాజేడు నుంచి భద్రాచలం దాకా ఏ ఊరికి ఏ రోడ్డు, ఏ వాగు, ఎన్ని నెలలు రాకపోకలు బంద్ అన్నది ఊరూరా రాసి పెడదాం. రేపు కమిషన్ ముందు మనకు సాక్ష్యం అదే.

వాన పడ్డాక గట్టు వేసుకునే రైతు ఉండడు. ముందే వేసుకుంటాడు. ఈ గట్టు కూడా అంతే.