పసుపు చేసే పని, చేయలేని పని



కూర తరుగుతూ కత్తిపీటకు వేలు తెగితే మన చెయ్యి మొదట దేనిమీదికి పోతుంది? పోపులపెట్టెలోని పసుపు మీదికే కదూ! మా అత్తగారు బెణికిన కాలికి పసుపు, సున్నం కలిపి పట్టు వేసేవారు. ఆటలమ్మ పోసి తగ్గిన పిల్లలకు వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసేవారు.

ఇవన్నీ ఉత్త మూఢనమ్మకాలని నేను అనను. పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థానికి వాపు తగ్గించే గుణం, కొన్ని సూక్ష్మజీవులను అణచే గుణం ఉన్నాయని ప్రయోగశాలల్లో తేలింది. 1995లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, పసుపుతో పుండ్లు మాన్పే పద్ధతి తమదేనని పేటెంటు పుచ్చుకున్నారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలు చూపించి వాదిస్తే 1997లో అది రద్దయింది. ఆ సంగతి విని నేనూ మురిసిపోయాను.

అయితే, పసుపు వైద్యం మనదని తేలింది గాని, అన్ని పుండ్లకూ అదే మందని తేలలేదు సుమండీ! ఈ తేడా నాకు మా వదినగారి వల్ల తెలిసింది.

ఆవిడకు చక్కెర వ్యాధి. పెరట్లో కాలికి మేకు గుచ్చుకుంది. నొప్పి లేదన్నారు గదా అని పసుపూ వేపనూనే అద్ది గుడ్డ కట్టాను. కట్టింది నేనే. ఆరోనాటికి పాదం ఉబ్బి చలిజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గాని, చిటికెన వేలు తీసెయ్యాల్సి వచ్చింది. "నొప్పి తెలియకపోవడమే ప్రమాదమమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆ వ్యాధి ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుందట.

ప్రయోగశాలలో వాడేది శుద్ధిచేసి కొలిచిన సారం. మన డబ్బాలోది తడిచేతులు తగిలిన పొడి. బజారు పసుపులో సీసం కలిసిన రంగు కల్తీ చేసేవాళ్ళూ ఉన్నారు. పైగా ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉంటాయి. మేకుతోపాటు లోపలికి దిగితే, పైన అద్దిన పసుపు వాటిదాకా పోదు. దానికి టీకాయే రక్ష.

కనుక చిన్న గాటయితే ముందు సబ్బుతో, మంచినీళ్ళతో కడగండి. లోతు గాయమైనా, కుక్క కరిచినా పసుపు వెతక్కుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చక్కెర వ్యాధి ఉన్నవారి పాదాలు రోజూ రాత్రి చూడండి. పసిపిల్లలకు వేపనూనె తాగించకండి. వాంతులు, ఫిట్సు వచ్చి ప్రాణంమీదికి రావచ్చు.

పసుపును గడపకు రాద్దాం, పప్పులో వేద్దాం. డాక్టరు చేయాల్సిన పని మాత్రం దానికి అప్పగించవద్దు.