పసిఫిక్ తీరమున మూడు మాసములు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము అమెరికా వెళ్లి వచ్చిన నాటినుండి మన కార్యదర్శిగారు మమ్ము విడిచిపెట్టుట లేదు. చూచినది నాలుగు మాటలలో చెప్పవలసినదేనని పట్టుబట్టిరి. మేము ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించిన వారము. ఉపన్యాసములు మా పని కాదు; బట్ట కొలిచి యిచ్చుట మా పని. కావున చూచినదానిని హెచ్చుతగ్గులు లేక కొలిచి చెప్పుటకు యత్నించెదము.

విశ్వవిద్యాలయములలో ఆచార్యులకు ఏడేండ్లకొక మారు సబాటికల్ అను దీర్ఘమైన సెలవు ఇచ్చెడి ఆచారము కొన్ని దేశములలో కలదు. ఏడవ యేట భూమిని దున్నక విశ్రమింపజేయవలెనను యూదుల ప్రాచీన ధర్మమునుండి ఆ పేరు వచ్చినది. వర్తకునకు అట్టి సెలవు నిచ్చువారెవ్వరు? పండుగనాడు సైతము సాయంకాలమునకు కొట్టు తలుపు తీయవలసినదే. ఇరువది యేండ్లుగా మేమిరువురమును కొట్టు, ఇల్లు, సంఘము అను మూడింటి నడుమనే తిరుగుచుంటిమి. 2024 వేసవిలో మా తమ్ముడు తాళపు చెవులు పుచ్చుకొని, మూడు మాసములు తాను చూచుకొందునని ధైర్యము చెప్పెను. మా కుమారుని వారి యింట నుంచి, శాన్ ఫ్రాన్సిస్కో సమీపమున ఫ్రీమాంట్ పట్టణములో నున్న మా బావమరది యింటికి బయలుదేరితిమి.

ప్రయాణమునకు ముందు మా అత్తగారు రాయదుర్గమునుండి వచ్చి ఒక యుత్తరము మా చేతికిచ్చిరి. రాయదుర్గము 1953 వరకు మన బళ్లారి జిల్లాలోనిదే. ఆ యేట అక్టోబరు 1వ తేదీన అది ఆంధ్ర రాష్ట్రమున చేరినది. జస్టిస్ మిశ్రాగారి నివేదిక పిమ్మట మన బళ్లారి తాలూకా మైసూరున చేరినది. పుట్టినిల్లొక రాష్ట్రమున, మెట్టినిల్లొక రాష్ట్రమున గల ఆడుబిడ్డలు మనలో నెందరో కలరు. ఆ యుత్తరము అమెరికాలోని మనుమరాలికి. మా గృహిణి వేడుకకు దానిని మా కుమారుని చేతికిచ్చి, చదివి వినిపింపుమనెను. పదునాలుగేండ్ల మా వాడు దానిని అటు నిటు త్రిప్పి చూచి, "నాకు తెలుగు చదివేది రాదు గదవ్వా" యనెను. అవ్వ ఏమియు ననలేదు. కాగితమును మరల మడిచి మా సంచిలో పెట్టిరి.

ఈ మాట ఇచట చెప్పుటకు సిగ్గగుచున్నది. మీ బిడ్డలకు తెలుగు నేర్పుడని పది యేండ్లుగా ఈ వేదికమీదనుండి చెప్పుచున్నది మేమే. మా బిడ్డను ఇంగ్లీషు బడిలో వేసి, రెండవ భాషగా కన్నడమును చదివించి, తెలుగు ఇంట నున్నది గదా యని ఊరకుంటిమి.

శాన్ ఫ్రాన్సిస్కోలో అందరును మొదట గోల్డెన్ గేట్ వంతెనను చూచెదరు. మాకు మాత్రము జీన్సు పుట్టిన ఊరు చూడవలెనని కోరిక. జీన్సు ప్యాంట్లు కుట్టు పనివలన మన బళ్లారిలో ఎందరి యిండ్లలో పొయ్యి వెలుగుచున్నదో మీరెరుగుదురు. ఆ ప్యాంట్ల జేబులకు లోహపు రివెట్లు బిగించు పద్ధతికి 1873లో లెవీ స్ట్రాస్ అను ఆ యూరి బట్టల వర్తకుడును, జేకబ్ డేవిస్ అను దర్జీయును కలిసి పేటెంటు పొందిరి. స్ట్రాస్ జర్మనీలోని బవేరియానుండి, డేవిస్ నాటి రష్యా సామ్రాజ్యములోని రీగా నగరమునుండి వచ్చినవారు. ఆ తీరమున ఎవరిని విచారించినను, వారో వారి తాతలో ఎక్కడినుండియో వచ్చినవారే. మరి అందరికంటె ముందు అచట నున్నవారు ఏమైరి? వారి భాష ఏమైనది? ఈ ప్రశ్నకు ఉత్తరము మాకు మాంటెరేలో దొరకినది.

ఒక శనివారమునాడు బావమరది మమ్ము కారులో నెక్కించుకొని, ఒకటవ నెంబరు రహదారి వెంట దక్షిణమునకు తీసికొనిపోయెను. కుడిప్రక్క పసిఫిక్ మహాసముద్రము, ఎడమప్రక్క కొండలు. వేసవియైనను ఉదయమున దట్టమైన మంచు. ఒడలు వణకించు గాలి. మచిలీపట్నమున సూర్యుడు సముద్రమునుండి లేచుట చూచిన మాకు, అచట సముద్రములో క్రుంకుట వింతగా తోచినది. శాంటా క్రూజ్ దాటి మాంటెరే చేరితిమి.

ఆ యూర కోల్టన్ హాల్ అను రాతి కట్టడము కలదు. కాలిఫోర్నియా మొదటి రాజ్యాంగమును వ్రాయుటకు 1849లో 48 మంది ప్రతినిధులు అందు కూడిరి. అంతకు పూర్వము ఆ సీమ మెక్సికోలోనిది. 1848 నాటి సంధితో అమెరికా వశమైనది. అచటి స్పానిషు కుటుంబములు ఒక్కసారిగా పరభాషా ప్రభుత్వము క్రిందికి వచ్చినవి. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. బళ్లారివారికి ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు.

ఆ ప్రతినిధులలో స్పానిషు భాషీయులు కొద్దిమందియే. అయినను రాష్ట్ర శాసనములన్నియు ఇంగ్లీషునను స్పానిషునను ప్రకటింపవలెనని ఆ రాజ్యాంగమున వ్రాయబడినది. ఆ సంగతి తెలిసి మేము మిక్కిలి సంతసించితిమి. కాని ఆ నియమము నిలిచినది ముప్పది యేండ్లే! 1879 నాటి రెండవ రాజ్యాంగమున దానిని తొలగించి, ప్రభుత్వ కార్యములు ఇంగ్లీషుననే జరుగవలెనని వ్రాసిరి. మన కాలముననే 1998లో ప్రజల ఓటుతో పాఠశాలలలో రెండు భాషల బోధన కుదింపబడినది. 2016లో మరల ప్రజల ఓటుతోనే ఆ కట్టడి తొలగినది. శాసనములు ఇట్లు వచ్చుచు పోవుచున్నను స్పానిషు పోలేదు. హోటలులో, పొలములలో, బస్సులలో దానిని వినుచునే యుంటిమి. మెక్సికోనుండి వలస వచ్చినవారు కోకొల్లలు. తల్లులు చంకబిడ్డలతో ఆ భాషనే పలుకుచున్నారు.

మాంటెరే ప్రక్కనే కార్మెల్. అచటి మొదటి భాష స్పానిషు కూడ కాదు, రమ్సెన్ అనునది. 1770లో స్పానిషు మతగురువులు ఆ ప్రాంతమున మిషనును స్థాపించిరి. పిదప క్రొత్త రోగములు, మిషను నిర్బంధములు, భూములు పోవుట, ఇవి యన్నియు కలిసి ఆ జనమును క్షీణింపజేసినవి. 1846లో జన్మించిన ఇసబెల్ మెడోస్ అను నామె ఆ భాషను ధారాళముగా మాటలాడిన కడపటి వ్యక్తి. జాన్ పీబాడీ హారింగ్టన్ అను పండితుడు ఆమె వార్ధక్యమున ఆమెను వాషింగ్టనునకు రప్పించి, ఆమె నోటి మాటలను, కథలను ఏండ్ల తరబడి వ్రాసికొనెను. 1939లో ఆమె మరణించినది. ఆ వంశములవారు కొందరు ఇప్పుడు ఆ కాగితములు చూచి తమ పెద్దల భాషను కూడబలుకుకొనుచున్నారు.

ఈ వృత్తాంతము విని మా గృహిణి చాలసేపు మౌనముగా నుండెను. పిమ్మట, "పాపము, ఆమె ఆ మాటలు చెప్పుటకే గాని, ఆడుకొనుటకు తోడెవరుండిరో" యనెను.

మరునాడు 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెనను చూచితిమి. లోతైన లోయమీద ఒకే కమానుతో నిలిచిన వంతెన యది. ఆవల దక్షిణమున కొండచరియ విరిగి దారి మూసియుండుటచే వెనుకకు మరలి, సలీనాస్‌లో సియాటిల్‌నుండి వచ్చు రైలెక్కి లాస్ ఏంజెలస్ పోతిమి. శాంటా బార్బరాకు ఇవతల ఆ రైలు చాల దూరము సముద్రపుటంచుననే నడచును. కిటికీ ప్రక్కన కూర్చున్నను మా మనస్సు ఆ ముసలియామెమీదనే యుండెను.

ఇక అవ్వ ఉత్తరము సంగతి. అది ఫ్రీమాంట్ చేరిన దినముననే జరిగినను, కార్మెల్ చూచిన తరువాతనే దాని యర్థము మాకు పూర్తిగా తెలిసినది. బావమరది కూతురికి తొమ్మిదేండ్లు. పుట్టి పెరిగినది అచటనే. సిలికానాంధ్ర సంస్థవారు 2007లో ప్రారంభించిన మనబడి తరగతులకు సెలవు దినములలో పోవుచున్నది. ఉపాధ్యాయులు జీతగాండ్రు కారు. ఆ పిల్లల తలిదండ్రుల వంటివారే. ఆ పిల్ల అక్షరములపై వ్రేలుంచి, కూడబలుకుకొనుచు ఉత్తరమంతయు చదివినది. మా కన్నులు చెమర్చినవి. ఒక్క మాట యొద్ద మాత్రము ఆగి, "అత్తయ్యా, ఉగ్గాణి అంటే ఏమిటి?" అని యడిగినది. బొరుగులతో చేసెదరని చెప్పగా, బొరుగులన నేమని మరల అడిగినది!

మా గృహిణి మరునాడే భారతీయుల దుకాణమునకు పోయి బొరుగులు కొని తెచ్చి, నీట తడిపి పిండి, తిరుగమోత వేసి, పుట్నాల పొడి చల్లి, ప్రక్కన మిరపకాయ బజ్జీలతో ఉగ్గాణి చేసి పెట్టెను. పిల్ల కన్నీరు కార్చుకొనుచునే బజ్జీ తిని, ఆ రెండు మాటలను తన పుస్తకమున వ్రాసికొన్నది.

సోదరులారా, లెక్క చూడుడు. ఆ పిల్లకు అక్షరము కలదు. ఇంటి మాట కొంత తగ్గినది. ఆ కొరత ఒక్క పూట వంటతో తీరినది. మా వానికి ఉగ్గాణి తెలియును, బొరుగులు తెలియును. అవ్వ జాబు చదువలేడు. మా తండ్రిగారు తెలుగున వ్రాసిన చిట్టా ఆవర్జాలు అటకమీద నున్నవి. రేపు వానిని విప్పి చూచినను వానికి అవి చీమల బారులే. ఇసబెల్ మెడోస్ వద్ద మాట యంతయు నుండెను. వినెడి బిడ్డ లేకపోయెను. ఆమెకు దారి లేక అట్లయినది. మనకు దారి కలదు, బడి కలదు, పుస్తకము కలదు, రాయదుర్గమునకు బస్సు కలదు.

భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము 1956లో చేర్చబడినది. ఆ వసతిని అడుగుట మన సంఘ ధర్మము, అడుగుచునే యుందము. కాని మన బిడ్డలనే పంపనిచో, ఏ మొగముతో అడుగుదుము? మరియొక మాట. కన్నడము మనకు పరాయి భాష కాదు. దానివలన అన్నము తినుచున్నాము. దానిని మన పిల్లలు తప్పులు లేక నేర్వవలెను. ఫ్రీమాంట్ పిల్ల ఇంగ్లీషును విడిచి తెలుగు నేర్చుకొనలేదు గదా.

కావున మా మనవి యిది. వచ్చు ఆదివారము మొదలు ఉదయము పది గంటలనుండి ఒక గంట సేపు ఈ గదిలోనే అక్షరాభ్యాసము జరుగును. పలకలు, వాచకములు మా ఖర్చు. చదువు చెప్పుటకు ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు అంగీకరించిరి. అవ్వలు, తాతలు కూడ వచ్చి కూర్చుండవలెను. పుస్తకములో లేని మాటలు వారి యొద్దనే కలవు. నెలకొక మారు ప్రతి బిడ్డయు ఒక బంధువునకు తెలుగున జాబు వ్రాయవలెను.

పట్టికలో మొదటి పేరు మా కుమారునిది. చిన్న పిల్లల నడుమ కూర్చుండుటకు వాడు సిగ్గుపడుచున్నాడు. ఆ సిగ్గు వానిది కాదు, మాదేయని వానికి చెప్పితిమి. వాడు మొదట చదువవలసిన పాఠము కూడ సిద్ధముగా నున్నది: రాయదుర్గము అవ్వ తిరిగి వ్రాసిన ఉత్తరము. ఈ మారు అది వాని పేరనే వచ్చినది. మేము దానిని విప్పలేదు.

సెలవు.