గిద్దెడు మెతుకుల లెక్క



అశ్వమేధపర్వమున సక్తుప్రస్థుని కథ కలదు. కురుక్షేత్రమున ఉంఛవృత్తితో, అనగా కోసిన చేలలో పరిగె యేరుకొని బ్రతుకు బ్రాహ్మణుడొకడు, కరవు నాట తనకు దొరికిన కొలది పేలపిండిని ఆకలిగొన్న అతిథికి సమర్పించెను. అచట రాలిన పిండిలో పొరలిన ముంగిసకు సగము దేహము బంగారు వన్నె యయ్యెను. మిగిలిన సగమునకై ధర్మరాజు యాగశాలకు పోయి పొరలినను దానికి వన్నె మారలేదు. కథలో ఘనత దానమునకే. అయినను నేల రాలిన పిండి సైతము అందు లెక్కకు వచ్చినది.

ఇక గృహస్థుని లెక్క. ఒక యింట దినమునకు గిద్దెడు బియ్యపు అన్నము పెరటిపాలగుచున్నదనుకొనుడు. పాత కొలతలో 16 గిద్దెలు మానిక, 4 మానికలు కుంచము. ఏడాదికి 365 గిద్దెలు, అనగా 5 కుంచములకు పైమాట. నూరు గడపల యూరికి 570 కుంచములు. 80 కుంచములు పుట్టిగా 7 పుట్ల బియ్యము! కుంచము పోయి కిలో వచ్చినను ఈ లెక్క తప్పదు. ఎవరి గిద్దె వారికి అల్పమే గనుక ఆ యేడు పుట్లును ఎవరి కంటికిని ఆనవు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము, తొక్కలు ఎముకలతో కూడ, వృథా అయినది. అందు నూటికి 60 పాళ్లు ఇండ్లలోనిదే; అంగళ్లది 12 పాళ్లు.

తప్పు జరుగునది ఎసరు పెట్టకమున్నే, కొలుచునపుడే. ఎవరైన వత్తురేమో యని సోలెడు ఎక్కువ పోయుట తెలుగింటి మర్యాద. ఆ మర్యాద ఫలము పారవేయ మనసొప్పని యిల్లాలికి దక్కును. అందరును వేడియన్నము తిని లేచిన పిదప మిగిలినదంతయు ఆమె పాలు. దీనిని పొదుపనుట న్యాయమా? ఎవరెవరు పూటకు ఇంట నుందురో ముందుగా చెప్పుట మగవారి బాధ్యత. అది చెప్పనివానికి వంట మిగిలినదని విసుగుకొను హక్కు లేదు.

మిగిలినదానికి పూర్వులు త్రోవలు చూపియే యున్నారు: మజ్జిగలో నానిన చద్ది, అన్నపు వడియములు, బీరతొక్కు పచ్చడి, బియ్యపు కడుగు పశువుల కుడితికి. అయితే వేసవిలో జిగురు సాగిన అన్నము తిని మిగుల్చుకొన్నది వైద్యునికే చేరును. రెఫ్రిజిరేటరు పదార్థమును కాపాడుటకు వచ్చినది; పెక్కిండ్ల అది మరచిపోవుటకు చోటైనది.

అంగడిలో కొత్త బస్తాను పాతదానిపై వేయువాడు అడుగున ముక్కపురుగును పెంచుచున్నాడు. పాతది ముందుకు జరిపి, కొత్తది వెనుక నుంచవలెను. వాడిన వంకాయకు సాయంకాలము ధర తగ్గింపక మరునాడు కుప్పపై పోయుటలో అభిమానమున్నది గాని వ్యాపారము లేదు. పొట్లములపై తేదీలను గూడ వేరుపరచి చదువవలెను. ఫలానా తేదీ వరకు శ్రేష్ఠమన్నది రుచికి, నాణ్యతకు సంబంధించినది. అది దాటినంతనే ఇంట నున్న వస్తువు విషము కాదు. వాడుటకు చివరి తేదీ దాటినదానిని మాత్రము ముట్టరాదు.

మిగిలిన మంచి ఆహారమును సేకరించి పంచుటకు కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019లో నిబంధనలు చేసినది. పెండ్లివారు ఆ పంపిణీ ఏర్పాటును విందునకు ముందే చేసికొనవలెను. మధ్యాహ్నము వండిన పప్పు రాత్రి దాక నిలువదు.