ఉద్యోగార్థులకు సంభాషణ పరీక్ష: మన సంఘము చేయదగిన పని
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభయందు మాటాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, విశ్వకర్మ సూక్తమును గూర్చియో శిల్పశాస్త్రములను గూర్చియో చెప్పవలసి యుండునని తలంచితిమి. వారు నవ్వి, "అవి యేటేట వినుచునే యున్నాము, మన పిల్లలు ఇంటర్వ్యూలలో ఏల తప్పిపోవుచున్నారో చెప్పుడు" అనిరి. అప్పటికి మా మనస్సు కొంచెము చిన్నవోయినమాట నిజము. ఇంటికిపోయి ఆలోచింపగా వారి మాటయే న్యాయమని తోచినది. కావున ఇంటర్వ్యూ అనబడు సంభాషణ పరీక్షను గూర్చి మాకు తెలిసినంతవఱకు విన్నవించెదము.

నిరుడు వేసవిలో చార్‌కమాన్ ప్రాంతమునుండి ఒక యువకుడు మా యింటికి వచ్చెను. తండ్రి అవుసలి పనివాడు. సొంత దుకాణము లేదు. గుల్జార్ హౌజ్ దాపున నొక సేఠుగారి యంగడికి కూలికి నగలుచేసి యిచ్చును. పిల్లవాడు రసాయనశాస్త్రముతో బి.యస్సీ. ముగించినాడు. మందులుచేయు నొక కంపెనీలో, సరకుయొక్క నాణ్యమును పరీక్షించు శాఖయందు చిన్న యుద్యోగమునకు పిలుపు వచ్చినది. "సార్, మీ శిష్యు డొకాయన ఆ కంపెనీల పెద్ద ఆఫీసరున్నడంట. ఒక్క మాట చెప్పరాదుండ్రి" అని ప్రార్థించెను. మాట చెప్పుట తరువాత, ముందు కూర్చుండుమని చెప్పి, వారడుగబోవు ప్రశ్నలనే మేము అడిగితిమి.

"మీ తండ్రిగా రేమి చేయుదురు?"

"బిజినెస్, సార్."

"ఏమి బిజినెస్?"

పిల్లవాడు నేలచూపులు చూచెను. ఈ యుద్యోగమే ఏల కోరితివన్నచో, ఎవరో వ్రాసియిచ్చిన నాలుగు ఇంగ్లీషు వాక్యములను ఊపిరి తీయకుండ అప్పగించెను. మూడవ వాక్యమున నొక మాట మఱచి, మరల మొదటినుండి ప్రారంభించెను! మాకు నవ్వు వచ్చినది గాని, ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత పాఠము లప్పగింపించుకొన్నవారము గావున ఆ దోషములో మా పాలు కూడ కలదని యెంచి ఊరకుంటిమి.

తరువాత మా వ్రేలి యుంగరము తీసి వాని చేతిలో పెట్టి, "ఇది మంచి బంగార మగునో కాదో ఎట్లు చెప్పెదవు?" అని యడిగితిమి. అంతట వాని ముఖమే మాఱిపోయినది. గీటురాయిపై గీసి, ఆ గీతను తెలిసిన మచ్చు గీతతో పోల్చుటయు, నత్రికామ్లపు బిందువు వేసినప్పుడు రాగి కలసిన గీత యేల మాయమగునో, బంగారము ఏల నిలుచునో అదియు చెప్పెను. ఇరువదిరెండు కారట్లనగా ఇరువదినాలుగు భాగములలో 22 అనియు, వేయింటికి 916 అనియు లెక్కకట్టెను. అతుకువేయు టంకము నగకంటె ముందుగా కరగవలెననియు, వెలిగారము వేయనిచో అతుకు పట్టదనియు చెప్పెను. 2021 జూను 16వ తేదీనుండి 256 జిల్లాలలో హాల్‌మార్కు ముద్ర తప్పనిసరి యైనదనియు, 2023 ఏప్రిలు 1వ తేదీనుండి ఆరు అక్షరాంకముల గుర్తులేని నగలను అమ్మరాదనియు తండ్రి పడిన ఇబ్బందులతో సహా వివరించెను. పావుగంటసేపు ఎక్కడను తడబాటు లేదు.

"ఓయీ, నీవు దాచిన బిజినెస్ ఇదియే గదా! నాణ్యమును పరీక్షించు నుద్యోగమునకు పోవుచు, నాణ్యపరీక్షయే కులవిద్యగా గల యింట పుట్టినమాట దాతువా?" అంటిమి. వాడు బదులు చెప్పలేదు.

సభ్యులారా! మేమీ సభలో చెప్పదలచిన దంతయు ఆ పిల్లవాని మౌనమందే యున్నది. కమ్మరి యింటి బిడ్డ, వడ్ల వారి బిడ్డ, కంచరి బిడ్డ, శిల్పి బిడ్డ, అవుసలి బిడ్డ, అందఱును పరీక్షకుల యెదుట తండ్రి చేతిపనిని కప్పిపుచ్చుచున్నారు. సిగ్గు వారిది కాదు, మనము నేర్పినది. సభలలో మనము విశ్వకర్మ సంతతివారమని చప్పట్లు కొట్టుదుము. ఇంటికిపోయి, "బాగుగా చదువుము, లేనిచో కొలిమి ఊదవలసివచ్చును" అని బెదరింతుము. ఇక పిల్లవాడు కొలిమిమాట ఎట్లెత్తును?

వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండలో, సుగ్రీవుడు పంపగా హనుమంతుడు రామలక్ష్మణుల యొద్దకు వచ్చిన ఘట్టము మీరెఱుగుదురు. అతని మాట తీరును రాముడు తమ్మునితో ప్రశంసించును. మిక్కిలి పొడుగు కాదు, తొందర లేదు, జాగు లేదు, సందేహమునకు తావు లేదు, ముఖమున వికారము లేదు. దీనికంటె మంచి లక్షణము లింటర్వ్యూకు పోవువారికి ఏ పుస్తకమునను మాకు కనబడలేదు. అతడు భిక్షువేషముతో వచ్చినను, తానెవడో, ఎవరు పంపగా వచ్చెనో తానే చెప్పివేసెను. వేషముననే యుండిపోయినచో ఆ స్నేహము కుదిరెడిది కాదు.

ఇతరులకు చెప్పునప్పుడు మా సంగతియు చెప్పుట ధర్మము. సుమారు నలువదియేండ్ల క్రిందట, పండిత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని, ఉపాధ్యాయోద్యోగమునకై ఒక పరీక్షకమండలి యెదుటికి పోయితిమి. "మేము తొమ్మిదవ తరగతి పిల్లలము, మాకు సవర్ణదీర్ఘసంధి చెప్పుడు" అని వారిలో నొకరనిరి. మేము పాణినిసూత్రము నెత్తుకొని, వృత్తిని, వ్యాఖ్యానమును గంభీరముగా వల్లించితిమి. ఆ పెద్దమనిషి అంతయు విని, "అయ్యా, మీ పిల్లలు నిద్రపోయిరి" అనెను. ఆ యుద్యోగము మాకు రాలేదు. పండితులకు విలువలేదని రెండేండ్లు అందఱితో చెప్పుకొంటిమి. 'విద్య' తరువాత 'ఆలయము' చేర్చి చూపుటకు అర నిమిషము చాలునని బోధపడుటకు అంతకాలము పట్టినది.

ఇక సిఫారసులమాట. నిజాముల కాలమున కచేరీల ముంగిట ఉమేదువారులుండెడివారు. జీతము లేకయే పనిచేయుచు, ఎప్పుడైన ఖాళీ రాకపోవునా యని కనిపెట్టుకొని యుండుటయే వారి పరీక్ష. పెద్దల చీటీయే వారి యోగ్యతాపత్రము. కాలము మాఱినను చీటీపై భ్రమ మనకు పోలేదు. కేంద్ర ప్రభుత్వము 2016 జనవరి 1వ తేదీనుండి గెజిటెడు కాని క్రింది తరగతుల యుద్యోగములకు ఇంటర్వ్యూలను తీసివేసినది; చేతిపని పరీక్షలు మాత్రము ఉండవచ్చునన్నది. తెలంగాణ మంత్రివర్గము 2022 ఏప్రిలులో గ్రూపు ఒకటి, రెండు ఉద్యోగములకు ఇంటర్వ్యూ వలదని నిశ్చయించినది. అచ్చట చీటీ తీసికొనిపోవుటకు గదియే లేదు. సివిలు సర్వీసు పరీక్షలో మాత్రము మొత్తము 2025 మార్కులలో 275 ఈ సంభాషణకే కేటాయించియున్నారు. ప్రైవేటు కంపెనీలలో నిది లేక పని జరుగదు. మన పిల్లలు ఎక్కువగా పోవుచున్నదియు అచ్చటికే.

ఇంగ్లీషు రాదని దిగులుపడువారికి ఒక మాట. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండి, సివిలు పరీక్ష తెలుగులో వ్రాసి, దుబాసి సహాయముతో తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి, 2017లో వెలువడిన ఫలితములందు దేశమున మూడవ స్థానము పొందిరి. ఇంగ్లీషు అక్కఱలేదని మేమనము. కంపెనీలలో అది లేక గడవదు. ఐనను తెలిసిన విషయమును చిన్న వాక్యములతో చెప్పునంత ఇంగ్లీషు మూడు నెలలలో నేర్వవచ్చును. తెలియని విషయమును గొప్ప ఇంగ్లీషులో చెప్పుట మూడేండ్లకును రాదు. పాతబస్తీ పిల్లలు తెలుగు, ఉర్దూ రెండును అలవోకగా మాటాడుదురు. అదియొక యోగ్యతయని వారికే తెలియదు.

మన ముంగిటనున్నవానిని కూడ మనము చూచుటలేదు. కంచన్‌బాగులో మిశ్రధాతు నిగమము 1973లో స్థాపింపబడినది; రక్షణశాఖవారి లోహ పరిశోధనశాలయు ఆ ప్రాంతముననే కలదు. ఇనుము, రాగి, బంగారము చేతపట్టిన వంశములవారము అటువైపు బస్సులో పోవుచు ఆ గోడలను చూతుము. ఐ.టి.ఐ.లో చేరుటకు నామోషి!

ఆడపిల్లల విషయమున మఱియొక చిక్కు. ఇంటివద్ద మేము అభ్యాసము చేయించునప్పుడు కూడ, అమ్మాయిని ప్రశ్న యడిగిన తండ్రి జవాబు చెప్పును. అట్టి తండ్రులను వరండాలో కూర్చుండబెట్టి చాయ తెప్పించి యిచ్చుచున్నాము.

ఆ చార్‌కమాన్ యువకుని సంగతి అడుగుదురేమో. మేము మాట చెప్పలేదు. ఆ యుద్యోగ మతనికి రాలేదు కూడ. ఐనను తండ్రి పనిని గూర్చి వారు పది నిమిషములు వినిరని చెప్పునప్పుడు వాని కంఠము మఱియొక తీరుగా నుండెను. నాలుగు నెలలకు వేఱొకచోట కుదిరెను, జీతము స్వల్పమే.

మహాపోషకులారా! మన సంఘభవనము పెండ్లిండ్లకు అద్దెకు పోవుచున్నది, సంతోషము. పెండ్లిండ్లు లేని యాదివారములలో దాని తలుపులు తెఱచి, బ్యాంకులోనో, కర్మాగారములోనో, పాఠశాలలోనో పనిచేసి విరమించిన పెద్దలు ముగ్గురు బల్లవెనుక కూర్చుండి, పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి ఇరువది నిమిషములు ప్రశ్నింపవలెను. పది మందిలో కాక, విడిగా లోపములు చెప్పవలెను. రెజ్యూమేలో అబద్ధమున్నచో అచ్చటనే కొట్టివేయింపవలెను. చేయని యుద్యోగమునకు అనుభవపత్రములు కొని పిదప పట్టుబడి, వచ్చిన పని పోగొట్టుకొన్నవారిని మేమెఱుగుదుము. మహాత్మాగాంధి బస్‌స్టేషనులో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మాఱి హైటెక్ సిటీకి చేరుట యెట్లో ముందునాడే పోయి చూచి రమ్మనవలెను. పేదపిల్లలకు దారిఖర్చులును, ఒక జత బూట్లును ఇప్పింపవలెను. ఈ వేదికపై మాకు కప్పిన శాలువ మూల్యముతో ఆ జత వచ్చెడిది. మేము వలదనియే అంటిమి, వారు వినలేదు.

మంటపమునకు వెలుపల ఎడమవైపున నొక నోటుపుస్తకము పెట్టించితిమి. ప్రశ్నలడుగ దలచిన పెద్దలు ముందువైపునుండియు, అడిగించుకొనదలచిన పిల్లలు వెనుకవైపునుండియు పేర్లు వ్రాయవలయును. మొదటి పేరు మాదే. ఆషాఢమున పెండ్లిండ్లుండవు గనుక, లాల్‌దర్వాజ బోనాల యాదివారము తప్ప తక్కిన యాదివారములకు, ఉదయము పది గంటలకు భవనపు తాళముచెవి కావలెనని కార్యదర్శిగారిని అడిగియున్నాము.