పెట్టె మీది పేరు, పెట్టెలోని ఉక్కు

 ఈరోజు పట్టా అందుకుంటున్న ఫిట్టర్లకు, ఎలక్ట్రీషియన్లకు, వెల్డర్లకు, మోటారు మెకానిక్కులకు నా శుభాకాంక్షలు.

మన దేశంలో ఐటీఐ చదివినవాళ్లకు స్నాతకోత్సవం జరపడం మొదలైంది 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి రోజున. అంతకుముందు మా బోటివాళ్లకు సర్టిఫికెట్టు ఆఫీసు కిటికీలోంచి వచ్చేది. సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కడమే. అందుకే ఈ వేదిక, ఈ పూలమాలలు చూస్తుంటే నాకు కాస్త బెరుగ్గానూ ఉంది, చాలా సంతోషంగానూ ఉంది. నిర్వాహకులు తెలుగులోనే మాట్లాడమన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, డ్రాయింగు షీటు మీద ఇంగ్లీషు. మదురై దగ్గరి వాడిపట్టి చుట్టుపక్కల మన ఇళ్లన్నిటి సంగతీ ఇంతే కదా.

ఇలాంటి సభల్లో జీవితం గురించి పెద్ద మాటలు చెప్పాలంటారు. నాకు చేతనైంది పనిముట్ల సంగతి, అదే చెబుతాను. పనిలో చేరగానే ప్రతి పిల్లాడూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ కంపెనీది కొనమంటారన్నా?" ఒక పేరు చెప్పి పంపించేయొచ్చు. కానీ ఆ పేరు వాడికి రెండేళ్లకు మించి పనికిరాదు. ఎందుకో చెబుతాను.

మన ఊరి పేరు కూడా బ్రాండే. పెళ్లికీ జాతరకూ వాడిపట్టి మేళం కావాలని ఎక్కడెక్కడినుంచో వచ్చి మాట్లాడుకుని పోతారు. అలా వచ్చిన పెద్దమనిషి ఊరి పేరు విని డబ్బులిచ్చి వెళ్లిపోడు. డోలు ఎవరిది, నాదస్వరం ఎవరు వాయిస్తారు, పోయినసారి ఏ ఊళ్లో వాయించారు అని ఆరా తీస్తాడు. అంత తెలివిగా మేళం మాట్లాడుకునే మనం డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి పెట్టె మీది అక్షరాలు చూసి జేబులో చెయ్యి పెడతాం.

ఆ అక్షరాలు చేతులు మారుతుంటాయి. డివాల్ట్ 1924లో అమెరికాలో పుట్టింది, 1960లో బ్లాక్ అండ్ డెక్కర్ చేతికొచ్చింది. 2010లో బ్లాక్ అండ్ డెక్కర్, స్టాన్లీ ఒకటయ్యాయి. ఇవాళ అంగట్లో మూడు పెట్టెలు పక్కపక్కన పెట్టి పోటీ పడి బేరమాడినా, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. మిల్వాకీ అనేది అమెరికాలో ఒక ఊరి పేరు, 2005 నుంచి దాని యజమాని హాంకాంగ్ కంపెనీ. హిటాచీ అని మేం పిలిచిన మిషన్లు 2018 నుంచి హైకోకీ అయ్యాయి. ఒకే కంపెనీ రెండు తరగతుల సరుకు చెయ్యడమూ ఉంది. బాష్ వాళ్లు ఇంటివాడకానికి ఆకుపచ్చ మిషన్లు, పనివాళ్లకు నీలం మిషన్లు చేస్తారు. ఆదివారం పూట గోడకు పటం తగిలించుకునే పెద్దాయన కోసం చేసిన ఆకుపచ్చది తక్కువకు వచ్చిందని కొని, రోజంతా కాంక్రీటులో కన్నాలు వేసి, "బాష్ కూడా చెడిపోయిందన్నా" అంటే తప్పు ఎవరిది?

మరి దేన్ని నమ్మాలి? కోయంబత్తూరులో మనవాళ్లు చేసింది చూడండి. కలంగల్ అనే పల్లెలో పుట్టిన జి.డి. నాయుడు చదువు మీద మనసులేని కుర్రవాడు. ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిలు చూశాడు, మతిపోయింది. హోటల్లో సర్వరు పని చేసి డబ్బు కూడబెట్టి చివరికి అలాంటి బండి కొన్నాడు. కొన్నవాడు ఊరేగలేదు, దాన్ని విప్పి కూర్చున్నాడు. 1920లో పొల్లాచ్చి పళని దారిలో బస్సు తిప్పాడు. 1930లలో పైకారా కరెంటు వచ్చి బావుల మీదికి మోటార్లు ఎక్కుతున్న కాలంలో, 1937లో, డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశపు తొలి విద్యుత్ మోటారు తయారుచేశాడు. సీమ సరుకు దొరికే రోజుల్లో లోకల్ మోటారును రైతు ఎందుకు నమ్మాడు? నా లెక్కలో జవాబు ఒకటే. కాయిల్ కాలితే చుట్టేవాడు కోయంబత్తూరు పీలమేడు పేటలో ఉన్నాడు, బుష్ అరిగితే పోతపోసేవాడు గణపతి పేటలో ఉన్నాడు, తప్పు ఎవరిదని అడిగితే ఎదురుగా నిలబడి జవాబు చెప్పే మనిషి ఉన్నాడు. పెరియారు కాలువ కింద పంపుసెట్టు ఆగితే నారుమడి మీ కోసం ఆగదు. జర్మనీ నుంచి కార్బన్ బ్రష్ వచ్చేదాకా అసలే ఆగదు.

కాబట్టి పవర్ టూల్ కొనేముందు కొట్టువాడిని మొదట అడగాల్సింది ధర కాదు. "కార్బన్ బ్రష్ ఉందా? ఆర్మేచర్ విడిగా దొరుకుతుందా? స్విచ్చి ఎంత?" అని అడగండి. మదురైలో సర్వీసు సెంటరు ఎక్కడో చెప్పమనండి. ఈ మాటలకు నీళ్లు నమిలే కొట్లో, పేరు ఎంత పెద్దదైనా కొనకండి.

చేతి పనిముట్లకైతే ఇంత తతంగం లేదు. తపారియా వాళ్లు 1969 నుంచి, స్వీడన్ కంపెనీ సాంకేతిక సాయంతో మొదలుపెట్టి, నాసిక్‌లో చేస్తున్నారు. జలంధర్, లూధియానా ఫోర్జింగులు దేశదేశాలకూ పోతున్నాయి. మన సరుకు బాగానే ఉంది. నకిలీ సరుకు మాత్రం అంతకంటే బాగా కనిపిస్తుంది. ఒక అక్షరం మార్చి, అదే రంగు పెట్టె. 'క్రోమ్ వనాడియం' అని అచ్చు కొట్టడానికి పంచ్ ఒకటి ఉంటే చాలు, వనాడియం అక్కర్లేదు. అందుకని కొట్టుకు పోయేటప్పుడు జేబులో కొత్త ఎం8 బోల్టు ఒకటి వేసుకుని పొండి. దాని తల 13 మి.మీ. స్పానరు దవడలో పెట్టి ఆడించండి. లొటలొటలాడితే అక్కడే వదిలేయండి. అది నట్టును విప్పదు, మూలలు గుండ్రంగా చేస్తుంది, ఆ తర్వాత ఉలీ సుత్తీ పట్టుకుని ఏడవాలి. కటింగ్ ప్లేయర్ మూసి వెలుతురుకు పట్టుకోండి. కోసే అంచుల మధ్య సందు కనబడితే అది సన్నటి రాగి తీగను తెంపదు, నలుపుతుంది. పల్చటి కాగితం కోయించి చూసినా తెలిసిపోతుంది. వెర్నియర్ అయితే దవడలు మూసి సున్నా చూడండి. అన్నట్టు, మనం పూజగదిలో పెట్టినంత భద్రంగా దాచుకునే వెర్నియర్లు చేసే మిటుటోయో కంపెనీని 1934లో మొదలుపెట్టిన యెహాన్ నుమాటా బౌద్ధధర్మ ప్రచారానికి డబ్బు కావాలని మైక్రోమీటర్లు చేయడానికి దిగాడు. ఏ పుణ్యం ఎక్కడ పండుతుందో!

ఇప్పుడు గ్రైండర్. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే మీలో సగంమంది గ్రిల్లు షాపుల్లో చేరబోతున్నారు. నాలుగంగుళాల గ్రైండర్ ఉత్తగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి వేసే మామూలు 100 మి.మీ. డిస్కు అంచు సెకనుకు 80 మీటర్ల వేగం దాకా తట్టుకునేలా చేస్తారు, అంటే దాదాపు 15,300 చుట్లు. అంతవరకు క్షేమం. షాపులో ఎవడో ఒక మొనగాడు ఉంటాడు. గార్డు విప్పేసి, పాత ఏడంగుళాల డిస్కును దీనికి బిగిస్తాడు. లెక్క మీరే వెయ్యండి: 180 మి.మీ. డిస్కు 11,000 చుట్ల దగ్గర అంచున సెకనుకు 103 మీటర్లు దాటుతుంది. అది పగలకపోతేనే ఆశ్చర్యం. ముక్క ఎగిరేది ఎదురుగా ఉన్న ముఖం మీదికే. మీరు గార్డు విప్పలేదనుకోండి, ఆ డిస్కు అసలు ఎక్కనే ఎక్కదు. ఇంకొకటి, డిస్కు నడుమ కన్నం చుట్టూ రేకు ఉంగరం ఉంటుంది. మంచి కంపెనీ డిస్కయితే ఆ ఉంగరం మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. అది గడువు తేదీ. జిగురు పాతబడి డిస్కు బలం తగ్గుతుంది కాబట్టి వేస్తారు. పాలప్యాకెట్టు మీద తేదీ చూసే మన అమ్మలు ఇంట్లో ఉన్నారు, డిస్కు మీద తేదీ చూసే మేస్త్రీని మాత్రం వెతకాలి.

ఎలక్ట్రీషియన్లకు ఒక్క మాట. ప్లేయర్ పిడికి ఎర్ర రబ్బరు తొడుగు ఉన్నంత మాత్రాన కరెంటు తగలదనుకోకండి. అది చేతికి మెత్తగా ఉండటానికి. లైను మీద వాడదగిన పనిముట్టు మీద జంట త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అని అచ్చు ఉంటాయి. అది ఐఈసీ 60900 ప్రమాణం. ఆ గుర్తు లేనిది టూల్‌బాక్సులో ఉండొచ్చు, స్తంభం ఎక్కేటప్పుడు నడుముకు ఉండకూడదు. ఐఎస్ఐ గుర్తు ఉంటే దానితోపాటు ఉండే సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. లైసెన్సు ఎవరిదో, బతికి ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. ఫోను ఎలాగూ కొంటారు కదా, దానికీ ఒక పని.

బ్యాటరీ మిషన్ల మోజు ఇప్పుడు ఎక్కువ. సాధారణంగా ఒకరి బ్యాటరీ ఇంకొకరి మిషన్‌కు ఎక్కదు, కనుక మొదటి డ్రిల్లుతోనే ముందు ముందు కొనబోయేవన్నీ ఖాయమైపోతాయి. పైగా 18 వోల్టులదాని పక్కన '20 వోల్ట్ మ్యాక్స్' అని రాసినది పెట్టి రెండు వోల్టులు ఎక్కువంటాడు కొట్టువాడు. రెంటిలోనూ ఉండేవి వరసగా ఐదు లిథియం సెల్లులే. నిండా చార్జి చేసిన క్షణంలో కొలిస్తే సుమారు 20, పనిలో ఉన్నప్పుడు సుమారు 18.

డబ్బు అంతంతమాత్రం అన్న సంగతి నాకు తెలుసు. అందుకని నేను పెట్టుకున్న వరస చెబుతాను, నచ్చితే వాడండి. విరిగితే మనిషికి దెబ్బ తగిలేవాటికి, అంటే డిస్కుకు, సుత్తికి, లైను ప్లేయర్‌కు పిసినారితనం వద్దు. కొలిచేవాటికి కూడా వద్దు, వెర్నియర్ అబద్ధం చెబితే మంచి లేత్ కూడా చెడ్డ జాబే తీస్తుంది. మిగతా వాటిలో చవక సరుకు కొనండి, సిగ్గేం లేదు. ఏడాదికి ఒకసారి వాడే పుల్లర్‌ను అద్దెకు తెచ్చుకోండి. సెకండ్‌హ్యాండ్ మంచి మిషన్ దొరికితే బ్రష్‌లు తీసి కమ్యుటేటర్ చూడండి, కాలిన నలుపు లేకపోతే బేరమాడండి. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. "బిల్లు లేకుంటే తగ్గిస్తా" అనే కొట్లోనే నకిలీది అంటగడతారు.

సభ ముగియగానే ఫొటోలకు పరుగెత్తకండి. వర్క్‌షాపులో పెద్ద బల్ల మీద రెండు నాలుగంగుళాల గ్రైండర్లు విప్పి పెట్టించాను. పేరున్న తొడుగులు తీసి దాచేశాం. ఆర్మేచర్ చుట్టిన తీరు, గేరు పళ్లు, బేరింగు మీది అచ్చు, బ్రష్ హోల్డరు బిగింపు చూసి, ఏది ఎంత చేస్తుందో చీటీ మీద రాసివ్వండి. బిల్లులు మీ మాస్టారి జేబులో ఉన్నాయి, ఆయన చెప్పరు. అమ్మానాన్నలు కూడా రావచ్చు. ముందు పట్టాలు అందుకోండి, వెల్డర్ల వరసతో మొదలుపెడతారట.