తారల మాట – ఆటగాండ్ర చేయి

(పాఠశాల సాహితీ సమితి సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవు విషయము విని పెద్దలు కొందరు నవ్వుకొందురేమో. సంధులు, సమాసములు చెప్పుకొను తల నెరసిన పంతులునకు వీడియో ఆటలతో పని యేమి? ఆ పని నాకు కల్పించినవారు మన పిల్లలే. మొన్నటి అర్ధసంవత్సర పరీక్షలో తొమ్మిదవ తరగతివారికి "నాకు నచ్చిన వస్తువు" అని వ్యాసమిచ్చితిమి. ఆ వస్తువు ఎందుకు నచ్చెనో చెప్పవలసిన చోట పలువురు ఒక సినిమా నటుని పేరో, క్రికెట్టు వీరుని పేరో వ్రాసిరి. "ఆయన వాడుచున్నాడు, కావున అది మంచిది." ఈ వాక్యమున వ్యాకరణదోషము లేదు, మార్కులు తగ్గించుటకు వీలు చిక్కలేదు. కాని నాటినుండి అది నా మనస్సున ముల్లువలె నాటుకొనియున్నది.

తారల సిఫారసు క్రొత్తది కాదు. సబ్బు బిళ్ళ ప్రకటనలో లీలా చిట్నిస్ బొమ్మ 1941 నాటికే మన దేశమున కనబడినది. ఐనను సబ్బు మంచిదో కాదో తేల్చుట కష్టము. ఏ సబ్బైనను నురుగు వచ్చును. చేతి కదలికతో ఆడు వీడియో ఆట అట్లు కాదు. తార ఏమి చెప్పినను, ఆడువాని చేయి అర గంటలో తన తీర్పు తాను చెప్పివేయును. అందువలననే ఈ ఉదాహరణమును ఎన్నుకొంటిని.

2006 నవంబరులో జపాను దేశపు నింటెండో కంపెనీ "వీ" అను ఆటయంత్రమును అమెరికాలో విడుదల చేసెను. 1889లో క్యోటో నగరమున పేకముక్కలు తయారుచేయుచు పుట్టిన కంపెనీ అది. అంతవరకు వీడియో ఆట యనగా రెండు చేతులతో ఒక సాధనమును పట్టుకొని బొటనవ్రేళ్ళతో మీటలు నొక్కుట. తెలిసినవానికి అది వీణ; తెలియనివానికి మీటల గుంపు. "వీ"లో ఆడువాని చేతికిచ్చినది పొట్టి కర్రవంటి వస్తువు. దాని లోపల వేగములోని మార్పును పసికట్టు చిన్న పరికరము, ముందు భాగమున పరారుణ కిరణములను చూడగల కెమెరా ఉండును. టెలివిజను చెంత నుంచిన పట్టీలోని దీపములను ఆ కెమెరా చూచి, చేయి ఎటు చూపుచున్నదో గ్రహించును. టెన్నిసు ఆడగోరినవాడు చేయి విసరవలెను. దొర్లుబంతి ఆడగోరినవాడు చేతిని వెనుకకు ఊపి ముందుకు తేవలెను. నేర్చుకొనవలసినది ఇంచుమించు ఏమియు లేదు.

అందొక చిక్కు కలదు. వేగములోని మార్పును కొలుచు పరికరము చేయి ఎక్కడనున్నదో ఎరుగదు; ఎంత జోరుగా కుదిపినారో ఎరుగును. భుజమంతయు తిప్పి విసరినను, కుర్చీలో కూర్చుండి మణికట్టు విదిలించినను దానికి ఇంచుమించు ఒక్కటే. మగ్గముమీద బ్రతికిన మన పెద్దలకు ఈ భేదము చెప్పనక్కరలేదు: నాడె విసరు చేయియు, ఊరక ఊగు చేయియు చూచువానికి ఒకటిగానే తోచును, బట్ట మాత్రము వేరుగా వచ్చును. 2009లో తిరుగుడును గూడ కొలుచు "మోషన్ ప్లస్" అను తోకను ఆ సాధనమునకు తగిలించిరి. అది వచ్చునప్పటికే మొదటి అభిప్రాయము గట్టిపడిపోయినది.

ఆ యంత్రమును లోకమునకు పరిచయము చేసిన ప్రకటన గమనింపదగినది. సూట్లు ధరించిన ఇద్దరు జపానీయులు చిన్న కారులో ఊరూర తిరిగి, ఇంటి తలుపు తట్టి, తల వంచి నమస్కరించి, ఆ కర్రను ఇంటివారి చేతికి అందింతురు. వారు నటులే గాని తారలు కారు. తరువాత చూపినదంతయు తాతలు, మనుమలు, అత్తలు, కోడండ్రు చేతులూపుచు ఆడుటయే. అమెరికాలో దానితోబాటు ఇచ్చిన ఆటల పళ్ళెములో టెన్నిసు, బేసుబాలు, దొర్లుబంతి, గోల్ఫు, ముష్టియుద్ధము ఉండెను. వృద్ధాశ్రమములలో సయితము దొర్లుబంతి పోటీలు జరిగినవి. మొత్తముమీద ఆ యంత్రము పది కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఉత్సాహము పట్టలేక జనులు విసరిన కర్రలు టెలివిజను అద్దములకు తగులుటచే, నెల తిరుగకుండ కంపెనీవారు ముప్పది రెండు లక్షల మణికట్టు త్రాళ్ళను గట్టివానితో మార్చియిచ్చుటకు సిద్ధపడిరి. (మన పాఠశాల గోడ గడియారము చరిత్ర గూడ ఇట్టిదే; దానికి తరువాత వత్తును.)

తారలు ఆ పిమ్మట వచ్చిరి. 2010లో ఇంగ్లండున, పలకమీద నిలిచి వ్యాయామము చేయు "వీ ఫిట్ ప్లస్" ప్రకటనలలో హెలెన్ మిరెన్ అను ప్రఖ్యాత నటి కనబడినది. అంతకుముందు 2009 జూనులో, లాస్ ఏంజెలిసు నగరమున మైక్రోసాఫ్టువారి వేదికమీదికి స్టీవెన్ స్పీల్‌బర్గు వచ్చి, చేతిలో ఏ సాధనమును లేకుండ, మనిషినే కెమెరా చూచి గ్రహించు ఒక యంత్రమును ప్రశంసించెను. సాంకేతికత కంటికి కనబడనపుడే ఆట అందరికిని అందునని ఆయన భావము. మాట గొప్పదే. కాని ఆ వేదికమీదనే మైలో అను తెరలోని బాలుడు ఎదుటి మనిషితో ముచ్చటించుట చూపిరి. ఆ బాలుడు ఎన్నడును అంగడికి రాలేదు. యంత్రము మాత్రము "కినెక్ట్" అను పేర 2010 నవంబరులో వచ్చి, అరువది దినములలో ఎనుబది లక్షలు అమ్ముడైనది. 2013లో క్రొత్త ఎక్స్‌బాక్సుతో దానిని విధిగా కలిపి అమ్మిరి. మరుసటి యేడు అది లేకుండ నూరు డాలర్లు తగ్గించి అమ్మవలసివచ్చెను. 2017లో తయారీయే నిలిచిపోయెను.

అన్నిటికంటె నాకు వింతగా తోచినది టోనీ హాక్ కథ. ఈయన చక్రపు పలకమీద విన్యాసములు చేయుటలో లోకప్రసిద్ధుడు. 1999లో పోటీలో గాలిలో రెండున్నర చుట్లు తిరిగి పలకమీద నిలిచిన మొదటివాడు. అదే సంవత్సరము మొదలుకొని ఆయన పేరుతో వచ్చిన వీడియో ఆటలను కుఱ్ఱకారు తలకెత్తుకొన్నది. 2009 నవంబరులో "టోనీ హాక్ రైడ్" అను ఆట వచ్చెను. మీటల సాధనమునకు బదులు చక్రములు లేని పలకనే ఇచ్చి, దానిమీద నిలిచి ఒరగుము, వంగుము అనిరి. వెల 120 డాలర్లు. సిఫారసు చేసినవాడు సినిమా తార కాడు. ఆ విద్యలో అగ్రగణ్యుడు. నమ్ముటకు ఇంతకంటె తగినవాడెవడు? ఐనను పలక ఆడువాని పాదములమాట సరిగా వినలేదని విమర్శకులు ఉతికి ఆరవేసిరి. మరుసటి యేట వచ్చిన "ష్రెడ్" అను రెండవ ఆట అమెరికాలో మొదటి వారమున మూడువేల ప్రతులు మాత్రమే అమ్ముడుపోయినదని వార్తలు వచ్చినవి.

ఇక్కడ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల మాట యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున హావ్‌లాండ్, వైస్ అను ఇరువురు ఒక పరీక్ష జరిపిరి. ఒకే వ్యాసమును కొందరికి నమ్మదగినవాని పేరుతోను, కొందరికి నమ్మదగనివాని పేరుతోను ఇచ్చిరి. అణుశక్తితో నడచు జలాంతర్గామిని గూర్చిన వ్యాసమునకు ఒకచో ఓపెన్‌హైమర్ పేరు, మరియొకచో రష్యా పత్రిక ప్రావ్దా పేరు పెట్టిరి. చదివిన వెంటనే మంచి పేరు పెట్టిన వ్యాసమే ఎక్కువమంది మనస్సు మార్చినది. నాలుగు వారములు గడచుసరికి ఆ భేదము కరగిపోయినది. పేరు ప్రభావము తగ్గినది, విషయము నిలిచినది. వ్యాసమునకే ఇట్లుండగా, చేతితో ఆడు వస్తువు సంగతి చెప్పవలయునా? తార పేరు అంగడి గుమ్మమువరకు తోడు వచ్చును. ఇంటికి వచ్చి ఆడించునది యంత్రమే.

ఇక ఆటగాండ్ర వైఖరి. ఏండ్ల తరబడి మీటలు నొక్కి నేర్పు గడించినవారు ఈ క్రొత్త యంత్రములను చూచి పెదవి విరిచిరి. "ఇది ఆట కాదు, ఊపుడు" అనిరి. అందు కొంత న్యాయము కలదు: చేయి కదలినదానికి, తెరమీద బొమ్మ కదలినదానికి నడుమ క్షణకాలపు జాగు, గురి తప్పుట, ఊపుడును అక్కరలేని చోట అతికించిన చవుక ఆటల వెల్లువ. కొంత అహంకారమును కలదు. తమ విద్య అవ్వకును అబ్బినచో దాని గొప్ప యేమి? తారల ప్రకటనలు వారిని మరింత నొప్పించినవని నా ఊహ. ఆ ప్రకటనలు ఆడువారితో మాటలాడలేదు. ఎన్నడును ఆడనివారిని పిలిచినవి. పాతకాపులకు తమ ఇంట తామే పరాయివారైనట్లు తోచెను. ఐనను ఆ వైఖరియు శాశ్వతము కాలేదు. తుపాకి గురిని సాధనము వంపుతో సవరించుకొను పద్ధతిని 2015లో వచ్చిన "స్ప్లాటూన్" ఆటగాండ్రు ఇష్టముతో అలవరచుకొనిరి. కత్తి విసరుటకు చేయి ఊపక తప్పని 2011 నాటి జెల్డా ఆటను 2021లో మరల విడుదల చేసినపుడు మీటలతో ఆడు వీలును గూడ కల్పించిరి. ఊపగోరువాడు ఊపును, వలదన్నవాడు నొక్కును. పదేండ్ల తగవును ఇంత సులువుగా తీర్చినవారిని మెచ్చుకొనవలసినదే.

ఇంతవరకు చదివి తెలిసికొన్నది. ఇక చూచినది చెప్పెదను.

2011లో నేనిచట సహాయోపాధ్యాయుడను. మన షోలాపురపు దాత యొకరు, అమెరికాలోని తమ కుమారుడు వాడి విడిచిన "వీ" యంత్రమును పాఠశాలకిచ్చిరి. ఉపాధ్యాయుల సమావేశమున గట్టిగా ఎదిరించినవాడను నేనే. ఆవరణ గోడ పడియున్నది, కబడ్డీ బరికి మట్టి లేదు. టెలివిజను ముందు చేతులూపుట ఆట యెట్లగునని వాదించితిని. పదవ తరగతి పిల్లలు నన్ను బలపరచిరి. వారు వారము లోపలనే మణికట్టు మర్మము కనిపెట్టిరి. బల్లమీద కూర్చుండి వ్రేళ్ళతో విదిలించుచు టెన్నిసు గెలుచుచుండిరి. "చూచితిరా" అని నేను మురిసితిని. ఆ మురిపెములోనే, నేను త్రాడు తగిలించుకొనక చేయి విసరితిని. గోడ గడియారము పగిలినది. దానివెల నా జీతములోనుండియే కట్టితిని.

అప్పుడు ఎనిమిదవ తరగతిలో ఒక పిల్లవాడుండెను. చిన్ననాటి జబ్బువలన కాళ్ళలో బలము లేదు. ఆటల గంట వచ్చినప్పుడెల్ల తోటివారి చెప్పులకు, సంచులకు కాపలా వాని వంతు. ఒకనాడు వాడు బల్లమీద కూర్చుండి దొర్లుబంతి ఆడుట చూచితిని. విదిలించుట లేదు. చేతిని నిండుగా వెనుకకు తెచ్చి, వదలునపుడు మణికట్టును కొంచెము తిప్పుచుండెను. బంతి వంకరగా పోయి పది కొయ్యలను పడగొట్టుచుండెను. అంతటి నేర్పు ఆ పెట్టెలో కలదని మాకెవ్వరికిని తెలియదు. పక్కన కూర్చుండితిని. వాడు నా వంక చూడకయే అన్నాడు: "సార్, అన్నలు దీన్ని మోసమంటున్నారు. నాకు మాత్రం ఇదే ఆట సార్."

నేను మారుపలుకలేదు. పెద్ద పిల్లలు కసరిన లోపమేదో, కూర్చుండి ఆడినను సాగుట, అదియే వానికి ద్వారమైనది.

కథ ఇంతటితో ముగిసిన బాగుండెడిది. మరుసటి యేడు ఒక విక్రేత వచ్చి, చేతిలో ఏమియు పట్టుకొననక్కరలేని క్రొత్త యంత్రమును కొనుడని మమ్ము ప్రోత్సహించెను. ఆయన పుస్తకము నిండ తారల బొమ్మలే. ఆ పిల్లవాని కొరకే కొందమని సంఘమువారు చందా పోగుచేయసాగిరి. మగ్గపు కూలీలు గూడ తమకు తోచినది ఇచ్చిరి. కూర్చున్న పిల్లవానిని ఇది గ్రహించునా అని నేనడిగితిని. ఆయన మరియొక తార బొమ్మ చూపెను. ఒక దినము పరీక్షకు తెప్పించితిమి. ఆయన తెచ్చిన ఆట తెరిచినంతనే తెరమీద ఆజ్ఞ వచ్చెను: దూకుము. పిల్లవాడు చేతులెత్తెను. మరల దూకుమనెను. వాడు మెల్లగా తన బల్లను వెనుకకు జరుపుకొనెను. మాలో ఎవ్వరును ఆ టెలివిజనును వెంటనే ఆపుటకు లేవలేదు. ఆ సంగతి తలచినపుడెల్ల నేటికిని నాకు సిగ్గు కలుగును. యంత్రమును త్రిప్పి పంపితిమి. చందాతో గోడ కట్టించితిమి.

ఆ విక్రేత అబద్ధమాడలేదు, బొమ్మలోని తారయు అబద్ధమాడలేదు. మేము అడిగిన ప్రశ్నకు వారివద్ద జవాబు లేదు, అంతే. నేడు చట్టము కొంత ముందుకు పోయినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, తప్పుత్రోవ పట్టించు ప్రకటనలో మెచ్చి పలికినవారికి గూడ పది లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. మరల చేసినచో ఏబది లక్షలవరకు. ఒక సంవత్సరము, ఆ పిమ్మట మూడు సంవత్సరములవరకు, ఏ వస్తువునకును సిఫారసు చేయకుండ నిషేధింపవచ్చును. తాను ముందుగా విచారించి చూచితినని ఋజువు చేసికొన్నవారికి మినహాయింపు కలదు. 2022లో వచ్చిన నిబంధనలు, సిఫారసు చేయువాని అభిప్రాయము నిజమైనదై, తగిన సమాచారముపైనో అనుభవముపైనో నిలిచియుండవలెననుచున్నవి. కాని మన బల్లమీది పిల్లవాని ప్రశ్నను ఏ చట్టమును మన బదులు అడుగదు.

తల్లిదండ్రులలో కొందరు ఈ మధ్య నావద్దకు వచ్చి, పిల్లలు ఇట్టి యంత్రము కావలెనని మంకుపట్టు పట్టుచున్నారు, కొనవచ్చునా అని అడుగుచున్నారు. నా చేతనైనది ఇది. ఆ పాత యంత్రము మన గ్రంథాలయపు బీరువాలో నేటికిని పనిచేయుచున్నది. వచ్చు శనివారము నాలుగు గంటలకు దానిని తెరపింతును. పిల్లలతోబాటు పెద్దలును వచ్చి ఒక్కొక్కరు పది నిమిషములు ఆడి చూడుడు. త్రాడు మణికట్టుకు తగిలించుకొనుట మాత్రము మరువకుడు. ఈసారి గోడకు క్రొత్త గడియారమున్నది.